కళ్లం లెక్క

గాలి గట్టిగా వీచేటప్పుడు ఇంగ్లీషు అయిదుకూ ఇంగ్లీషు తొమ్మిదికీ తేడా తెలియదు. ‘ఫైవ్’ అని అరిస్తే ‘నైన్’ అని, ‘నైన్’ అని అరిస్తే ‘ఫైవ్’ అని చెవిన పడుతుంది. ఈ సంగతి అనిల్‌కుమార్ సార్‌కు తట్టిన క్షణమే హెప్సిబాకు శని పట్టింది. వాళ్లింట్లో ఆ మాట అనరు గానీ, జరిగినదానికి ఇంకో మాట దొరకదు.

“ఇంగ్లీష్ వద్దమ్మా, తెలుగుల అరువు. తెలుగుల ఏ అంకెకా అంకె విడిగ ఉంటది,” అన్నాడాయన, కళ్లం అంచున ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.

“సరే సార్,” అంది హెప్సిబా. ఇందులో ఆలోచించడానికి ఏముంది? అంకెలే కదా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నోట నానినవే.

భద్రాచలం దగ్గరి పాలిటెక్నిక్‌లో ఆఖరు సంవత్సరం పిల్లలు ముగ్గురు, వాళ్ల మీద ఒక సారు. ఇదీ జట్టు. రిమోట్ పట్టుకుని విమానం ఎగరేసేది వెంకటకృష్ణ. తెల్లటి ఫోమ్ షీటు కోసి, అతికించి, రెక్కలకు టేపు చుట్టి ఆ విమానాన్ని తయారుచేసింది సాయిప్రియ. బ్యాటరీ వోల్టేజీ చూసి చెప్పేది హెప్సిబా. హైదరాబాద్‌లో పోటీ పై వారమే. ఎవరి విమానం ఎక్కువసేపు గాలిలో ఉంటే వాళ్లదే గెలుపు. కానీ దిగాక చూస్తే బ్యాటరీలో ఏ సెల్లయినా మూడున్నర వోల్టుల కిందికి పోయిందా, ఎంతసేపు ఎగిరినా సున్నాయే. చివరి చుక్క దాకా తాగాలి, గ్లాసు మాత్రం ఖాళీ కాకూడదు. అలాంటి పోటీ.

ఎగరేసేవాడు తల దించకూడదు. రెప్పపాటు కిందికి చూసినా విమానం ముక్కు ఎటు తిరిగిందో మళ్లీ పోల్చుకోలేడు. అందుకని అతని ఎడమ భుజం వెనక ఒకరు నిలబడి, అరచేతిలో ఇమిడే చిన్న తెర మీద అంకె చూసి చెబుతుండాలి. రిమోట్‌కు అలారం ఉంది. కానీ అలారం అయిపోయాక మొత్తుకుంటుంది, వీళ్లకు కావలసింది అయిపోకముందు కబురు. ముందర ‘మూడు పాయింట్’ అనేది ఎలాగూ ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేసి చివరి అంకె ఒక్కటే అరవాలని ఒప్పందం. ఆరు అంటే ఇంటిముఖం పట్టాలి. అయిదు అంటే నేల మీద ఉండాలి.

ఈ పని హెప్సిబాకు ఇచ్చింది ఆమె గొంతు చూసి. మామూలుగా మాట్లాడితే మెత్తగానే ఉంటుంది. అరిచిందంటే మాత్రం కళ్లం ఈ కొస నుంచి ఆ కొస దాకా వినిపిస్తుంది.

కళ్లం అంటే వెంకటకృష్ణ వాళ్ల తాత వెంకటప్పయ్యది. సారపాక దాటాక పినపాక దారిలో, పొలాల మధ్య సిమెంటు చేయించిన పెద్ద కళ్లం. వరి కోత ఇంకా మొదలు కాలేదు కనుక ఆ గురువారం నున్నగా ఖాళీగా ఉంది. విమానం లేవడానికీ దిగడానికీ అంతకన్నా మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. ఒక పక్క మాత్రం జామాయిల్ తోట, దాని వెనక అడవి.

సాయిప్రియ విమానాన్ని తలపైకెత్తి ముందుకు విసిరింది. అది ఒకసారి తూగి, నిలదొక్కుకుని, పైకి లేచింది. సాయిప్రియ దిగే చోట గీత గీయడానికి కళ్లం ఆ కొసకు వెళ్లింది. హెప్సిబా చున్నీ కొంగును తెర మీద గొడుగులా పట్టుకుంది. ఎండ పడితే అంకె కనిపించదు.

“తొమ్మిది!”

వెంకటకృష్ణ తల ఊపాడు. విమానం తోట అంచు దాకా పోయి తిరిగొచ్చింది. మళ్లీ పోయింది. గోదావరి మీది నుంచి చలిగాలి లేచి జామాయిల్ ఆకులు గలగలమన్నాయి.

“ఎనిమిది!”

ఇంకా రెండు చుట్లు. అంతా నూనె పోసినట్టు సాగుతోంది. తెర మీద 3.8 పోయి 3.7 వచ్చింది. హెప్సిబా గొంతెత్తి అరిచింది.

వెంకటకృష్ణ భుజాలు బిగుసుకున్నాయి. “ఏంటీ?” అన్నాడు, తల తిప్పకుండానే. ఆమె మళ్లీ అరిచింది. అతను థ్రాటిల్ ఒక్కసారిగా పూర్తిగా తగ్గించేసి విమానాన్ని గిర్రున వెనక్కి తిప్పాడు. వేగం చచ్చిన విమానాన్ని అంత ఇరుకున తిప్పితే ఏమవుతుందో అదే అయింది. ఒక రెక్క వాలిపోయింది. ముక్కు కిందికి పెట్టి అది నేరుగా జామాయిల్ తోటలో పడింది.

అందరికంటే ముందు పరుగెత్తింది హెప్సిబాయే. ఎండుటాకుల మీద విమానం బోర్లా పడి ఉంది. ఎడమ రెక్క సగానికి విరిగింది. ముక్కు అప్పడంలా అణిగింది. ఆమె మోకాళ్ల మీద కూలబడి ముందు బ్యాటరీ తీగ ఊడబెరికి, బ్యాటరీని అరచేతిలో పెట్టుకుని చూసింది. గోరువెచ్చగా ఉంది. ఉబ్బలేదు. దేవుడికి స్తోత్రం అనుకుంది.

“ఎనిమిది తర్వాత ఒకటా?” వెంకటకృష్ణ వగరుస్తూ వచ్చాడు. “మధ్యలో అంకెలన్నీ ఏమయ్యాయి? మూడు పాయింట్ ఒకటికి పడేదాకా ఏం చూస్తున్నావు నువ్వు?”

“ఒకటా? ఒకటని ఎవరన్నరు? ఏడు అన్న నేను.”

“ఒకటన్నావు. ఒకసారి కాదు, రెండుసార్లు.”

“ఏడన్న!”

అనిల్‌కుమార్ సార్ వచ్చి ఎవరి మాటా వినకుండా జేబులోంచి చెకర్ తీసి బ్యాటరీకి తగిలించాడు. మూడు సెల్లులూ మూడు పాయింట్ ఎనిమిది చూపించాయి.

“పని ఆగితే బ్యాటరీ కొంచెం తేరుకుంటది, నిజమే,” అన్నాడు. “ఏడు ఎనిమిదైతదేమో గానీ ఒకటి ఎనిమిది కాదు. బ్యాటరీ బంగారంలెక్క ఉంది. చూడకుండ చెప్పినవ్. ఫోన్ల ఉన్నవా?”

“ఫోన్ బ్యాగుల ఉంది సార్. బ్యాగ్ ట్రాలీ ఆటోల ఉంది.”

సార్ సాయిప్రియ వైపు తిరిగాడు. సాయిప్రియ విరిగిన రెక్క ముక్కను గుండెకు పట్టుకుని నిలబడి ఉంది. హెప్సిబా ముఖం చూడలేక నేల చూసింది. “నాకు గూడ చివర్ల ఒకటి అనే వినవడ్డది హెప్సీ,” అంది.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. హెప్సిబాకు కళ్లు మండాయి. ఏడుపు కాదు, మంట. ఆ మంటలో ఎన్నడూ అనని మాట అనేసింది.

“బైబిల్ మీద ఒట్టు సార్. ఏడు అన్న.”

*

శుక్రవారం పొద్దున కాలేజీ ల్యాబ్ తెరవగానే హెప్సిబా పని మొదలుపెట్టింది. కారు హెడ్‌లైట్ బల్బు ఒకటి అడిగి తెచ్చుకుంది. అరువు తెచ్చిన బ్యాటరీకి దాన్ని కలిపి, పక్కనే చెకర్ తగిలించి, చేతిలో ఆ చిన్న తెర పెట్టుకుని కూర్చుంది. బల్బు బ్యాటరీని తాగుతుంటే రెండు చోట్లా అంకెలు దిగుతూ వచ్చాయి. తెర 3.9 అన్నప్పుడు చెకర్ కూడా 3.9. తెర 3.8 అన్నప్పుడు చెకర్ కూడా 3.8.

ఆమె కోరుకున్నది వేరు. ఎక్కడో ఒక చోట తెర తప్పు చూపించాలి. ఏడు ఉండాల్సిన చోట ఒకటి మెరవాలి. అప్పుడు, చూడండి సార్, నా కళ్లు కాదు, ఈ డబ్బాదే దొంగబుద్ధి అని చూపించవచ్చు. అది ఇంటిల్లిపాదినీ మురిపించే పిల్లలా బుద్ధిగా ప్రవర్తించింది. మళ్లీ చేసింది. బల్బు వేడికి చెయ్యి కాలింది. అంకెలు మాత్రం కలిసే దిగాయి.

“ఏమైంది మరి?” అన్నాడు సార్, వెనక నుంచి ఎప్పుడు వచ్చాడో.

“కరెక్టుగనే చూపిస్తంది సార్.”

“మరి మిషన్ కరెక్టే. బ్యాటరీ కరెక్టే. ఇంక మిగిలింది ఏంది?”

మిగిలింది ఆమె. నిరూపించుకుందామని కూర్చుని తన మెడకు తనే ఉరి బిగించుకుంది. హెప్సిబా బల్బు తీగ విప్పింది. అనడానికి ఉన్నది ఒక్క మాటే, అది నిన్నటి నుంచి అని అని అరిగిపోయింది.

“చూడమ్మా,” సార్ గొంతు తగ్గించాడు. ఆ తగ్గించడమే ఎక్కువ కోపం తెప్పించింది ఆమెకు. “తప్పు అందరం చేస్తం. చేసిన అంటే అయిపోతుండె. నువ్వు ఒట్లు పెట్టవడితివి. ఈసారికి వోల్టేజీ సాయిప్రియ చెప్తది. నువ్వు హైదరాబాద్‌కు రావద్దు.”

ఆయన వెళ్లిపోయాక కూడా ఆమె ఆ ఆరిపోయిన బల్బు వైపే చూస్తూ ఉండిపోయింది. హైదరాబాద్ మీద మోజు కాదు. దొంగ అన్నా పడేదేమో. చూడకుండా చెప్పింది అన్నారే, అది మింగుడు పడటం లేదు. ఎండలో చున్నీ కింద తల దూర్చి, కన్నార్పకుండా చూసిన మనిషిని పట్టుకుని!

మధ్యాహ్నం సాయిప్రియ విమానాన్ని బల్ల మీద పడుకోబెట్టి కట్టు కడుతోంది. విరిగిన రెక్కలో దూర్చడానికి వెదురు పుల్ల కావాలి. హెప్సిబా వాళ్ల నాన్న సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు. వెదురు చీరడం ఆ ఇంట్లో అందరికీ వచ్చు. సాయిప్రియ అడగలేక అడగలేక అటు చూసింది. హెప్సిబా కోపంగానే లేచి, కోపంగానే కత్తి తీసుకుని, పుల్లను సన్నగా, నున్నగా చీరి ఇచ్చింది. జిగురు ఆరేదాకా రెక్క కదలకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. అదీ తనే పట్టుకుంది.

“నిజంగ గట్లనే వినవడ్డది హెప్సీ.”

“నువ్వు చెప్పకుంటే అయిపోతుండె గదా.”

“అడిగిండు గదనే. ఏం చెప్పాలె?”

జిగురు మాత్రం బాగా పట్టింది.

సాయంత్రం ఇంట్లో సంగతి చెబితే అమ్మ మరియ అన్నిటినీ వదిలేసి ఒక్కదాన్ని పట్టుకుంది. “ఒట్టు పెట్టినవా? అదీ బైబిల్ మీద? అవునంటే అవును, కాదంటే కాదు, అంతకంటె ఎక్కువ అనొద్దని ప్రతి ఆదివారం వింటవా లేదా?”

“నిజమే గదమ్మా నేను చెప్పింది!”

“నిజమైతే ఒట్టెందుకు?”

ఇంట్లో కూడా ఓడిపోయాక హెప్సిబా అన్నం తినకుండా పడుకుంది.

*

సారపాకలో వాళ్ల చర్చికి ఒక అలవాటు ఉంది. ఏ ఇంట్లోనైనా వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక గుప్పెడు దేవుడి డబ్బాలో వేస్తారు. నిండిన డబ్బాలన్నీ నెలకో ఆదివారం చర్చికి వస్తాయి. ఆరాధన అయ్యాక ఆ బియ్యమంతా చాప మీద కుప్పపోసి, కొలిచి, లేనివాళ్ల ఇళ్లకు పంపిస్తారు. కొలిచేది హెప్సిబా వాళ్ల తాత జకర్యా. ఆ పని ఇంకొకరికి ఇస్తే ఆయన మూడు రోజులు మాట్లాడడు.

జకర్యా వయసులో ఉన్నప్పుడు పినపాక వైపు ఆసాముల కళ్లాల్లో వడ్లు కొలిచేవాడు. ఇప్పుడు కోతమిషను వచ్చింది, కరెంటు కాటా వచ్చింది. ఆయన చేతిలో పాత ఇత్తడి మానిక ఒక్కటే మిగిలింది. ఇప్పటికీ ఆయన కొలిస్తే మానిక మీద బియ్యం గోపురంలా నిలబడుతుంది, ఒక్క గింజ జారదు.

గోనె సంచి మూతి తెరిచి పట్టుకుని లెక్క అరిచేది హెప్సిబా. చిన్నప్పటి నుంచీ అంతే. కొలిచేవాడు కొలవాలి, ఇంకొకడు లెక్క అరవాలి, రెండూ ఒకడే చేస్తే కళ్లం నమ్మదు. ఇది జకర్యా సూత్రం. ఆ వేళ ఆమెకు చర్చికి రావడమే ఇష్టం లేదు. ముఖం మాడ్చుకునే సంచి పట్టుకుంది.

మొదటి మానిక పడింది.

“లాభం,” అంది హెప్సిబా.

“గట్టిగ. దేవుని ధాన్యం.”

“రెండు! మూడు!” మానిక కుప్పలోకి ముంచడం, ఎత్తడం, సంచిలో ఒంపడం. తాత చేతులు ఒక తూగులో కదులుతుంటే ఆమె గొంతు దానంతటదే ఆ తూగు అందుకుంది. మనసు ఎక్కడో ల్యాబ్‌లో, బల్బు ముందు కూర్చుని ఉంది. “నాలుగు! అయిదు! ఆరు! ఆరున్నొకటి!”

నోరు మూతపడలేదు. సంచి మూతి చేతుల్లోంచి జారింది.

జకర్యా చేతిలో నిండు మానిక గాలిలో ఆగింది. “ఏందమ్మ? లెక్క తప్పినవా?”

“తాతా, ఇప్పుడు నేనేమన్న?”

“ఆరున్నొకటి అన్నవ్. ఇది ఎనిమిది. పట్టు సంచి.”

ఆమె సంచి పట్టుకుంది. మిగతా లెక్క ఎలా అరిచిందో ఆమెకే తెలియదు. పదిహేడు వచ్చినప్పుడు నోరు దానంతటదే ‘పదహారున్నొకటి’ అంది. ఈసారి చెవులు పెట్టుకుని వింది. ఆరున్న అనేది గొంతులోనే అణిగిపోతోంది. ‘ఒకటి’ అనేది మాత్రం కొరడాలా సాగి దూరం పోతోంది. గాలిలో, విమానం రొదలో, మిగిలేది అదే.

కొలత అయ్యాక చర్చి మెట్ల మీద తాత పక్కన కూర్చుంది.

“ఏడు అని ఎందుకనం తాతా?”

“ఏడు అంటే ఏడువుమన్నట్టు గాదె? ధాన్యం ముందట ఆ మాట అంటరా ఎవరన్న? ఒకటిని లాభం అనాలె, ఏడును ఆరున్నొకటి అనాలె. గది కళ్లం లెక్క.” జకర్యా మానికను కండువాతో తుడుస్తున్నాడు. “పని కొత్తల ఒకసారి నా నోరు జారింది. వెంకటప్పయ్య ఆసామి కళ్లంల. ఏడు అన్న. అప్పటిదాంక కొలిచిందంత ఆసామి మళ్ల రాశిల పోయించిండు. తిట్టలే, కొట్టలే. మళ్ల మొదటి నుంచి కొలువు అన్నడు, అంతే. అందరు చూస్తుండంగ కొలిచిన. ఆ దినం చేతులు అన్నం ముద్ద నోటికాడికి ఎత్తలే. అప్పటి సంది కొలతల నా నోట్లె ఏడు రాదు. మీ నాయనకు రాలే. నీకూ రాలే.”

“బడిల ఎక్కాలు చదివినప్పుడు అన్న గదా.”

“ఎక్కాలల్ల ఏం కొలుస్తవ్? కొలిచేటప్పుడు వేరు.”

అన్నందుకు తాతకు శిక్ష, అననందుకు తనకు. రెండూ ఒక్క కళ్లంలోనే. హెప్సిబాకు నవ్వు రాలేదు. ఒళ్లంతా చిర్రెత్తుకొచ్చింది. మూడు రోజుల నుంచి ఏడన్నా ఏడన్నా అని ఊరంతా మొత్తుకుంది. అనలేదు. పెట్టిన ఒట్టు అబద్ధం. వెంకటకృష్ణ విన్నది నిజం. సాయిప్రియ చెప్పింది నిజం. ఈ సంగతి తనకొక్కదానికే తెలుసు, నోరు మూసుకుంటే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అన్యాయం జరిగిన పిల్లగా మిగిలిపోవచ్చు. అందులో ఒక సుఖం ఉంది కూడా. అమ్మ ‘నిజమైతే ఒట్టెందుకు’ అన్న మాట గుర్తొచ్చి ఆ సుఖం కాస్తా పులిసిపోయింది.

*

సోమవారం పల్లెవెలుగు దిగి కళ్లం దాకా నడిచేసరికి వాళ్లు విమానం సిద్ధం చేస్తున్నారు. వరి కోత మొదలైంది. కళ్లంలో సగం వడ్లు పరిచి ఉన్నాయి, నడుమ ఒక రాశి. వెంకటప్పయ్య పంచె పైకి చెక్కుకుని కాళ్లతో వడ్లు తిరగేస్తూ చాళ్లు తీస్తున్నాడు. ఎనభై దాటినా ఆ పని కూలీలకు వదలడు.

“నిన్ను రావద్దన్న గదా,” అన్నాడు అనిల్‌కుమార్ సార్.

“ఒక మాట చెప్పి పోత సార్.” హెప్సిబా చెప్పులు విడిచి సిమెంటు మీదికి వచ్చింది. “ఆ రోజు నేను ఏడు అనలే. ఆరున్నొకటి అన్న. మా తాత వడ్లు కొలిచెటోడు. కొలతల ఏడుకు మేం గట్లనే అంటం. నోటికి గదే వచ్చింది. అన్నట్టు నాకే తెల్వలే.”

సార్ కాసేపు ఆలోచించాడు. ఆయన ఖమ్మం పట్నంలో పుట్టిన మనిషి. వడ్లను బస్తాలో తప్ప చూసి ఎరగడు. “అంటే తప్పు నీదే అని ఒప్పుకున్నట్టే గదా?”

ఇందుకా బస్సెక్కి వచ్చింది! చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఇక్కడ తిరగబడింది. “అవ్ సార్. చెప్పింది తప్పే. చూసింది తప్పు గాదు. చూడకుండ చెప్పలే నేను.”

వెంకటకృష్ణ రిమోట్ మెడలోంచి తీయకుండా నిలబడి, పెదవులతో ఆ మాట రెండుమూడు సార్లు పలికి చూసుకున్నాడు. “ఆరున్నొకటి. ఆరున్న... ఒకటి. సార్, నేను విన్నది ఈ తోకే. ఒకటి అనగానే బెదిరిపోయాను. అంత ఇరుకున తిప్పకుండా ఉంటే అది దిగేదే. కూల్చింది నేను కూడా.”

అప్పటిదాకా వడ్లలోనే ఉన్న వెంకటప్పయ్య కాళ్లు ఆగాయి. “ఎవరమ్మాయివి నువ్వు? జకర్యా మనవరాలివా?”

“అవ్ పెద్దయ్యా.”

“అదీ! గొంతు అదే.” ముసలాయన నవ్వాడు. పై వరసలో పళ్లు లేవు. మనవడి వైపు తిరిగాడు. “ఈ పిల్ల ఒకటి అందని ఎవడ్రా అంది కిట్టూ? కళ్లం లెక్కలో ఒకటనే మాటే లేదు. ఒకటయితే లాభం అనేది. ఆరున్నొకటే అని ఉంటుంది.”

ముసలాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. తను మూడు రోజులు మొత్తుకుంటే తెగనిది! సంతోషించాలో కోపగించుకోవాలో హెప్సిబాకు తెలియలేదు. సాయిప్రియ మాత్రం అప్పుడే వచ్చి ఆ చిన్న తెరను ఆమె చేతిలో పెట్టేసింది. “నువ్వే పట్టుకోవే తల్లీ. నాకు దీన్ని చూస్తేనే భయమైతంది.”

సార్ గడ్డం గోక్కున్నాడు. “సరే, ఒక్కసారి చూద్దాం. ఇప్పుడు ఏమంటవ్ మరి?”

“ఏడు అంట సార్.”

“ఇక్కడొద్దు,” అన్నాడు వెంకటప్పయ్య వెంటనే. నవ్వు పోయింది. “రాశి ఉంది. రాశి ముందు ఆ మాట అనకూడదు. ఇంకెక్కడికైనా పోయి ఎగరేసుకోండి.”

ఇంకెక్కడుంది సిమెంటు నేల? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సార్ తాత వైపూ మనవడి వైపూ చూశాడు. వెంకటకృష్ణే దారి చూపించాడు. “ఆరున్నొకటే అననీ సార్. నాకిప్పుడు తెలుసుగా. తాతయ్యకూ బాధ ఉండదు.”

“ఇంకేం! గట్లనే కానీయ్,” అన్నాడు సార్, బరువు దిగినట్టు.

అందరికీ బాగుంది. వెంకటప్పయ్య వెళ్లి రాశి పక్కన కూర్చున్నాడు. హెప్సిబా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. వెంకటకృష్ణ ఎడమ భుజం వెనక తన చోట నిలబడి చున్నీ తెర మీదికి లాక్కుంది. సాయిప్రియ విమానం విసిరింది. వెదురు పుల్ల వేసిన రెక్క ఒకసారి వణికి నిలబడింది.

“తొమ్మిది!”

తాత జకర్యా ఈ కళ్లంలోనే మోకాళ్ల మీద కూర్చుని ఉంటాడు. అప్పుడు సిమెంటు లేదు, పేడ అలికిన నేల. కొలిచిందంతా ఒంపేసి, మళ్లీ లాభం నుంచి. అందరూ చూస్తుండగా.

“ఎనిమిది!”

గాలి లేచింది. విమానం జామాయిల్ తోట అంచున తిరుగుతోంది. ఆమె రెప్ప వేయలేదు. తెర మీద 3.8 కాసేపు ఊగిసలాడింది. పోయింది. 3.7 వచ్చింది. నోటి చివరికి పాత మాటే వచ్చి నిలబడింది. నాలుక మీద దాన్ని పట్టి ఆపి, మింగి, ఊపిరి తీసుకుంది.

“ఏడు!”

వెంకటప్పయ్య చెయ్యి రాశి మీద పడింది, ఎవరో దాన్ని లాక్కుపోతున్నట్టు.

“ఏడు!” హెప్సిబా మళ్లీ అరిచింది. రెండోసారి అవసరం లేదు. మొదటిసారికే జామాయిల్ తోట దాకా పోయింది.

“ఏడు. విన్నాను,” అన్నాడు వెంకటకృష్ణ నింపాదిగా. విమానం వెడల్పుగా, తొందర లేకుండా తిరిగింది.

“ఆరు!”

అది ఇంటిముఖం పట్టింది.

“అయిదు!” అన్నప్పటికి పొట్ట సిమెంటును తాకింది. వడ్ల అంచు దాకా జారి ఆగింది. సార్ చెకర్ తగిలించి చూసి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ చూశాడు. మూడున్నరకు పైనే, వెంట్రుకవాసి పైన. ఆయన గొంతు సవరించుకుని ఎవరినీ చూడకుండా అన్నాడు: “శుక్రవారం పొద్దుగాల ఏడింటికి బస్టాండ్‌ల ఉండాలె. ముగ్గురు.”

సాయిప్రియ కిసుక్కుమంది. హెప్సిబా మాత్రం రాశి వైపు చూసింది. ముసలాయన గుప్పెడు వడ్లు తీసి, వేళ్ల సందుల్లోంచి వదులుతున్నాడు. వడ్లు వడ్లలాగే ఉన్నాయి. ఆమె చెప్పులేసుకుంటుంటే పిలిచాడు.

“జకర్యా బాగున్నాడా?”

“బాగనే ఉన్నడు పెద్దయ్యా.”

“చెప్పు,” అన్నాడు వెంకటప్పయ్య. ఏం చెప్పాలో చెప్పలేదు. కాసేపు చూసి, మళ్లీ వడ్లు తిరగేయడానికి లేచాడు.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. తాతే ఎత్తాడు.

“తాతా, ఏడు అన్న.”

“ఏడ?”

“వెంకటప్పయ్య ఆసామి కళ్లంల. రాశి ముందట.”

ఫోన్ కట్టయిందేమోనని ఆమె తెర చూసుకుంది.

“మళ్ల పోయించిండా?” అన్నాడు జకర్యా.

“పోయించలే.”

“ఏమన్లే?”

“ఏమన్లే తాతా.”

తర్వాత ఆయన అడిగాడు. “ఎంత గట్టిగన్నవ్?”

హెప్సిబా అటూ ఇటూ చూసింది. బస్సు కోసం కూర్చున్న మిరప కూలీలు నలుగురు, మేకను తాడుతో పట్టుకున్న ముసలామె. ఫోన్ నోటికి కాస్త దూరంగా పట్టుకుని, కళ్లంలో అన్నంత గట్టిగానే అంది. మేక బెదిరింది. కూలీలు తిరిగి చూశారు.

“ఏడు,” అన్నాడు జకర్యా అటువైపు నుంచి, మెల్లగా, నోరు తిరుగుతుందో లేదో చూసుకుంటున్నట్టు.